బ్యాంకు లాయరు సరే అన్నారు కదా, ఇంకో లాయరు ఎందుకు?

ఇల్లు కొనడానికి హోమ్ లోన్‌కు వెళ్తే, బ్యాంకు మన కాగితాలను తన ప్యానెల్‌లో ఉన్న లాయరుకే పంపుతుంది. ఆయన ఫీజు మన దగ్గరే తీసుకుంటుంది. కొన్ని రోజుల తర్వాత "లీగల్ క్లియర్ అయింది" అని కబురు వస్తుంది. చాలా ఇళ్లలో ఆ మాటతో నిశ్చింత వచ్చేస్తుంది. బ్యాంకు వాళ్లే లక్షలు ఇస్తున్నారంటే కాగితాలు బాగానే ఉంటాయిలే అనుకుంటాం.

ఆ నిశ్చింత సగమే నిజం. ప్యానెల్ లాయరు బ్యాంకు డబ్బుకు కాపలా. ఫీజు మనం కట్టినా ఆయన సలహా ఇచ్చేది బ్యాంకుకే. మన డబ్బుకు కాపలా కావాలంటే మన తరఫున ఇంకో లాయరు ఆ కాగితాలు చూడాలి, అదీ అడ్వాన్సు ఇవ్వకముందే. తరతరాలుగా వేరే రాష్ట్రంలో స్థిరపడి, పాత పత్రాలు ఒక భాషలో, కొత్తవి మరో భాషలో ఉన్న మన కుటుంబాలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎందుకో, ఎలాగో వివరంగా చూద్దాం.

ప్యానెల్ లాయరు చేసే పని

బ్యాంకులు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు తమ తరఫున ఆస్తి పత్రాలు పరిశీలించడానికి కొందరు లాయర్లను జాబితాలో పెట్టుకుంటాయి. అదే ప్యానెల్. అమ్మేవారి దస్తావేజు, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు, ఈసీ, రెవెన్యూ లేదా మున్సిపల్ రికార్డు, పన్ను రసీదులు, ప్లాను అనుమతి ఆయన చూస్తారు. సాధారణంగా 13 నుంచి 30 ఏళ్ల చరిత్ర వెతుకుతారు. 30 ఏళ్లు అనడానికి ఒక కారణముంది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం తనఖా పెట్టిన ఆస్తిని విడిపించుకోవడానికి దావా వేసే గడువు 30 ఏళ్లు. అంతవరకు పాత తనఖాదారు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది.

మన ఒరిజినల్ పత్రాలను బ్యాంకుకు అప్పగించడమే తనఖా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 58వ సెక్షన్ దీన్ని ఒప్పుకుంటుంది. అందుకే ప్యానెల్ లాయరు ముందున్న అసలు ప్రశ్న ఇది: ఈ పత్రాలతో తనఖా చెల్లుతుందా, రేపు వాయిదాలు ఆగిపోతే ఇల్లు వేలం వేసి డబ్బు రాబట్టుకోవచ్చా?

మన ప్రశ్న అంతకంటే పెద్దది. దారి ఎవరిది? వెనక గోడ ఎవరి స్థలంలో ఉంది? అనుమతి ఉన్నదానికంటే ఒక అంతస్తు ఎక్కువ కట్టారా? కింది వాటాలో అద్దెకున్నవారు ఖాళీ చేస్తారా? అమ్మేవారి అక్కచెల్లెళ్లకు ఈ అమ్మకం తెలుసా? లోన్ తీరిపోయాక కూడా ఆ ఇంట్లో ఉండాల్సింది మనం, మన పిల్లలు.

నష్టం ఎవరి మీద పడుతుంది

ఒక లెక్క చూద్దాం. ఇంటి ధర 50 లక్షలు అనుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్ అయితే, ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. అంటే బ్యాంకు 40 లక్షలు, మనం 10 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు మనమే పెట్టుకోవాలి.

నాలుగేళ్ల తర్వాత ఎవరో వారసులు కోర్టుకు వెళ్లి ఆ అమ్మకం చెల్లదని తీర్పు తెచ్చుకున్నారనుకోండి. మన 10 లక్షలూ, అప్పటివరకు కట్టిన వాయిదాలూ పోయినట్టే. పైగా లోన్ అలాగే ఉంటుంది, ఎందుకంటే అది మనం సంతకం పెట్టిన అప్పు. ఇల్లు చేజారినా అప్పు తీర్చమని బ్యాంకు మనల్ని అడుగుతుంది. "మీ లాయరే సరే అన్నారు కదా" అంటే, "ఆయన మా కోసం చూశారు" అన్నదే జవాబు.

ఇంగ్లండులో స్థిరపడిన మన పిల్లలు కొందరు "బ్యాంకు జాబితాలోని సొలిసిటరు ఒక్కరు చాలు, ఇద్దరెందుకు?" అంటారు. అక్కడి పద్ధతి వేరు. అక్కడ ఇల్లు కొనేవారు పెట్టుకున్న సొలిసిటరు ఆ బ్యాంకు ప్యానెల్‌లో ఉంటే, మామూలుగా ఆయనే ఇద్దరి తరఫునా పనిచేస్తారు. కొనేవారు కూడా ఆయన క్లయింటే కాబట్టి వారికీ ఆయన జవాబుదారీ. మన దేశంలో బ్యాంకు పంపిన ప్యానెల్ లాయరుకు క్లయింటు బ్యాంకు మాత్రమే.

మన కోర్టులు చెప్పినవి కూడా తెలిసి ఉండాలి. హైదరాబాదులోని ఒక బ్యాంకు బ్రాంచిలో జరిగిన హోమ్ లోన్ మోసం కేసులో, తప్పుడు ఒపీనియన్ ఇచ్చారని ప్యానెల్ లాయరును కూడా సీబీఐ నిందితుడిగా చేర్చింది. ఆయన మీది కేసును హైకోర్టు కొట్టేయగా, 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. లాయరు జాగ్రత్తగా చూడకపోతే అది వృత్తిపరమైన నిర్లక్ష్యం కావచ్చు గానీ, మోసంలో ఆయనకు భాగం ఉన్నట్టు ఆధారం లేనిదే నేరం కాదని చెప్పింది. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న మరో తీర్పు ఇచ్చింది. అంటే లాయరు పొరపాటు మీద కన్స్యూమర్ కోర్టుకు వెళ్లే దారి లేదు. సివిల్ దావా వేయాలి, లేదా దుష్ప్రవర్తన అయితే 1961 అడ్వకేట్ల చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. రెండూ ఏళ్లు పట్టే దారులే. అందుకే కొనకముందే చూసుకోవడం మేలు.

మన పాత పత్రాల చిక్కు

మనం ఉన్న చోట్ల చాలావాటికి ఒకటి కంటే ఎక్కువ ప్రభుత్వాల చరిత్ర ఉంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. రాయచూరు, నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ సంస్థానం, తర్వాత హైదరాబాద్ రాష్ట్రం కింద ఉన్నాయి. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి తమిళనాడు వైపు వెళ్లింది. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది.

కాబట్టి తాతల నాటి పత్రం తెలుగులోనో, ఉర్దూలోనో, ఫ్రెంచిలోనో ఉండవచ్చు. ప్యానెల్ లాయరు ఆ భాష చదవలేకపోతే రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, ధృవీకరించిన అనువాదం తెమ్మంటారు. ఇది మంచిదే. రెండోది, ఆ పత్రం 30 ఏళ్లకు వెనకటిది కాబట్టి పక్కన పెట్టేస్తారు. చిక్కు ఇక్కడే. జీవితకాల హక్కు మాత్రమే ఇచ్చిన దానపత్రమో, అమ్మకూడదన్న షరతున్న పట్టానో ఆ పాత కాగితంలోనే ఉండవచ్చు. మన తరఫు లాయరు ఆ భాష చదవగలిగినవారై ఉండాలి, లేదా చదివించుకునేవారై ఉండాలి.

రెండో చిక్కు పేర్లు. పాత దస్తావేజులో ఇంటిపేరు ముందు ఉంటుంది. తమిళనాడులో చదువుకున్న తరానికి తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. షోలాపూర్‌లో అదే కుటుంబం పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసలో రాస్తుంది. ఒకే మనిషి మూడు కాగితాల్లో ముగ్గురిలా కనిపిస్తారు. బ్యాంకు లాయరు చాలాసార్లు ఇద్దరూ ఒకరేనన్న అఫిడవిట్‌తో సరిపెడతారు. మన లాయరు దానితో ఆగకుండా ఓటరు కార్డు, స్కూలు సర్టిఫికెట్, పాత పన్ను రసీదు చూసి, అమ్ముతున్నది అసలు హక్కుదారేనా అని తేల్చుకోవాలి.

మూడోది ఆడపిల్లల వాటా. 2005 సెప్టెంబరు 9 నుంచి హిందూ వారసత్వ చట్టం కింద ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన కుటుంబాల్లో ఆడపిల్లలను సరిహద్దు దాటించి ఆంధ్ర, తెలంగాణ వైపు ఇవ్వడం మామూలే. అమ్మేవారి అక్క నెల్లూరులోనో, చెల్లెలు నిజామాబాదులోనో ఉంటే, ఆ సంతకం తేలేదన్న సంగతి ఈసీలో కనపడదు. వంశవృక్షం, వారసుల సర్టిఫికెట్ అడిగి, ప్రతి పేరుకూ సంతకమో విడుదల పత్రమో ఉందో లేదో సరిచూడాలి.

ఈసీ అంటే అన్నీ చూపించే అద్దం కాదు. రిజిస్టరు అయిన లావాదేవీలే అందులో ఉంటాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, వీలునామా, కోర్టులో నడుస్తున్న కేసు, పన్ను బకాయి అందులో కనబడవు. ఆన్‌లైన్ ఈసీ కంప్యూటరులోకి ఎక్కించిన ఏళ్లకే వస్తుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. ఆఫీసు పరిధి మారి ఉంటే పాత ఆఫీసులోనూ వెతికించాలి.

ఏ రాష్ట్రంలో ఏది గట్టిగా చూడాలి

కర్ణాటక: ఖాతా ఎవరి పేరున ఉందో, ఈ-ఖాతా వచ్చిందో లేదో చూడాలి. బెంగళూరులో ఎ-ఖాతా, బి-ఖాతా తేడా తెలుసుకోవాలి. వ్యవసాయ భూమి మీద వేసిన లేఅవుట్ అయితే భూమార్పిడి ఉత్తర్వు కావాలి. ప్రభుత్వం ఒకప్పుడు దళిత, గిరిజన కుటుంబాలకు ఇచ్చిన భూమి అయితే, 1978 నాటి పీటీసీఎల్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేని అమ్మకం చెల్లదు. భూమి తిరిగి ఇప్పించమని దరఖాస్తు చేయడానికి కాలపరిమితి లేదని 2023 సవరణ చేర్చింది. కాబట్టి 30 ఏళ్ల ఈసీ శుభ్రంగా ఉన్నా, మొట్టమొదట ఆ భూమి ఎవరికి, ఏ షరతుతో వచ్చిందో చూడాల్సిందే.

తమిళనాడు: ఈసీని అక్కడ విల్లంగం సర్టిఫికెట్ అంటారు. దానితోపాటు మూలపత్రం, పట్టా, పట్టణమైతే టౌన్ సర్వే రికార్డు చూడాలి. పట్టాలోని సర్వే నంబరు, విస్తీర్ణం దస్తావేజుతో కలవాలి. స్థలం ఆలయానిదో, పోరంబోకో కాదని తేల్చుకోవాలి. ప్లాటు అయితే డీటీసీపీ లేదా సీఎండీఏ అనుమతి ఉండాలి.

ఒడిశా: రికార్డ్ ఆఫ్ రైట్స్‌లో పేరు, కిస్సం రెండూ చూడాలి. సాగు భూమి మీద ఇల్లు కట్టి ఉంటే కిస్సం మార్పు జరిగిందా అన్నది ముఖ్యం. 1960 ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ హక్కుదారు భూమిని ఆ వర్గాలకు చెందనివారు కొనాలంటే రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. పాత కోరాపుట్ జిల్లా అంతా, అంటే నేటి రాయగడ, నవరంగపూర్, మల్కనగిరితో సహా, షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ 1956 రెగ్యులేషన్ వర్తిస్తుంది. 2002లో అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనే వీలు లేదు. మధ్యలో ఎన్ని చేతులు మారినా మొదటి హక్కుదారు ఎవరో తెలియకుండా ముందుకు వెళ్లకండి.

మహారాష్ట్ర: సాత్‌బారా లేదా ప్రాపర్టీ కార్డు, ఇండెక్స్-టూ చూడాలి. ఫ్లాటు అయితే సొసైటీ షేర్ సర్టిఫికెట్, బకాయిలు లేవన్న లేఖ కావాలి. సాత్‌బారాలో భోగవటాదార్ వర్గ-2 అని ఉంటే సాధారణంగా కలెక్టరు అనుమతి లేకుండా అమ్మకం కుదరదు.

యానాం: చుట్టూ ఆంధ్ర ఉన్నా రికార్డులు, నిబంధనలు పుదుచ్చేరి ప్రభుత్వానివి. కాకినాడ బ్రాంచిలో లోన్ తీసుకుంటే అక్కడి ప్యానెల్ లాయరుకు ఆంధ్ర రికార్డులే అలవాటై ఉండవచ్చు. యానాం రికార్డులు చూసిన అనుభవం ఉందా అని బ్యాంకునే అడగండి. మన తరఫు లాయరును మాత్రం యానాం సంగతులు తెలిసినవారినే పెట్టుకోవాలి.

ఏ రాష్ట్రమైనా ఒకటి గుర్తుంచుకోండి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు, వీలునామా కలిపి ఇచ్చినంత మాత్రాన ఆస్తి హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. లింకులో అలాంటి మెట్టు ఉంటే ఆగి, లాయరును అడగాలి.

కొత్త ప్రాజెక్టుల దగ్గర "ఫలానా బ్యాంకు అప్రూవ్ చేసిన ప్రాజెక్టు" అని బోర్డులు పెడతారు. ఆ బ్యాంకు అక్కడ లోన్ ఇవ్వడానికి సిద్ధంగా ఉందని మాత్రమే దాని అర్థం, హక్కుకు హామీ కాదు. భూమి హక్కులో లోపం వల్ల నష్టం వస్తే బిల్డరే పరిహారం ఇవ్వాలని, ఆ క్లెయిముకు కాలపరిమితి అడ్డు కాదని 2016 రెరా చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. అందుకే రెరా నంబరు, అక్కడ బిల్డరు పెట్టిన టైటిల్ పత్రాలు మన లాయరుకు చూపించాలి.

పని ఏ వరుసలో జరగాలి

చాలామంది అడ్వాన్సు ఇచ్చి, అగ్రిమెంటు రాసుకుని, ఆ తర్వాత బ్యాంకుకు వెళ్తారు. ప్యానెల్ లాయరు కుదరదంటే అడ్వాన్సు కోసం తిరగాల్సి వస్తుంది. ఈ వరుస మార్చండి.

ముందు కాగితాల జిరాక్సులు తీసుకుని మన లాయరుకు ఇవ్వండి. ఆయన అమ్మేవారి మనిషి కాకూడదు, బ్రోకరు చూపించినవారూ కాకూడదు. ఒపీనియన్ నోటిమాటగా కాకుండా రాతలో తీసుకోండి. ఏ ఏ పత్రాలు చూశారు, ఎన్నేళ్లు వెతికారు, ఏవి దొరకలేదు, ఏ షరతు మీద కొనవచ్చు అన్నవి అందులో ఉండాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి దస్తావేజుల నకళ్లు తీయించి, అమ్మేవారు ఇచ్చిన జిరాక్సులతో పోల్చమనండి. నకిలీ పత్రాలు చాలావరకు ఇక్కడే బయటపడతాయి. ఈ ఆస్తి మీద ఇంకెక్కడైనా లోన్ ఉందా అన్నది సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకవచ్చు.

అగ్రిమెంటులో ఒక వాక్యం తప్పక రాయించండి: బ్యాంకు లాయరు గానీ, కొనేవారి లాయరు గానీ హక్కు సరిగా లేదంటే అడ్వాన్సు మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి. దీనికి అమ్మేవారు ఒప్పుకోకపోతే కారణం ఏమిటో ఆలోచించాల్సిందే.

ప్యానెల్ లాయరు రిపోర్టు కాపీ ఇవ్వమని బ్యాంకును రాతలో అడగండి. కొన్ని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇస్తే మన లాయరు రిపోర్టు పక్కన పెట్టి చదివించండి. ఒకరు అడిగిన పత్రం ఇంకొకరు అడగకపోతే, ఆ తేడా దగ్గరే మన ప్రశ్న మొదలవ్వాలి.

ఫీజు సంగతి, తెలుగు సంగతి

2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ టర్మ్ లోన్లకు బ్యాంకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. లీగల్ ఛార్జీలు బ్యాంకు ద్వారా కడుతుంటే వాటిని అందులో విడిగా చూపాలి, రసీదు ఇవ్వాలి. అందులో లేని ఛార్జీని మన స్పష్టమైన అంగీకారం లేకుండా వేయకూడదు. ఇంకో ముఖ్యమైన మాట: ఆ పత్రం లోన్ తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని, విషయాలు వివరించి చెప్పాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం. హోసూరులోనైనా, భివండీలోనైనా, మీకు తెలుగే చదవడం వస్తే తెలుగులో ఇవ్వమని అడగండి. అది మొహమాటపడాల్సిన విషయం కాదు.

లోన్ వేరే బ్యాంకుకు మార్చేటప్పుడు

వడ్డీ తక్కువని లోన్ మార్చుకుంటే కొత్త బ్యాంకు తన ప్యానెల్ లాయరుతో కాగితాలన్నీ మళ్లీ చూపిస్తుంది. పాత రిపోర్టు పనికిరాదు. ఒరిజినల్స్ పాత బ్యాంకులో ఉంటాయి కాబట్టి, తమ దగ్గరున్న పత్రాల జాబితాను అక్కడి నుంచి రాతలో తీసుకోవాలి. లోన్ తీసుకున్న రోజు మీకు ఇచ్చిన రసీదుతో దాన్ని సరిపోల్చండి. ఏదైనా పోయిందంటే తెలిసేది అప్పుడే.

ఫ్లోటింగ్ వడ్డీ మీద ఉన్న హోమ్ లోన్‌ను ముందుగా తీర్చేస్తే బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని 2012 నుంచి నిబంధన ఉంది. అయితే కొత్త లీగల్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు, తనఖా పత్రం మీద స్టాంపు డ్యూటీ మళ్లీ పడతాయి. వడ్డీలో మిగిలేది వీటికంటే ఎక్కువైతేనే మారడం లాభం.

లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలి, రిజిస్టరైన తనఖాను తొలగించాలి. బ్యాంకు కారణంగా ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. పత్రాలు పోగొడితే నకళ్లు తీయించే ఖర్చు బ్యాంకుదే. ఆ పనికి మరో 30 రోజులు ఇస్తారు. పత్రాలు చేతికొచ్చాక కొత్త ఈసీ తీయించి, పాత తనఖా తొలగినట్టు నమోదైందో లేదో చూసుకోండి.

బ్యాంకు జవాబు ఇవ్వకపోతే ముందు బ్యాంకుకే రాతలో ఫిర్యాదు చేయాలి. 30 రోజులు చూసి రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు, దానికి ఫీజు లేదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాయాలి.

ఇంటి ధరతో పోలిస్తే సొంత లాయరు ఫీజు చాలా చిన్నది. బ్యాంకుకు తన లాయరు ఉన్నారు. అమ్మేవారికి తన బ్రోకరు ఉన్నారు. ఆ బల్ల దగ్గర ఎవరూ లేకుండా కూర్చునేది కొనేవారొక్కరే. పెళ్లి సంబంధానికి నాలుగూళ్లు వాకబు చేసే మనం, ఇల్లు కొనేటప్పుడు ఇంకో లాయరుకు కాగితాలు చూపించడానికి వెనకాడకూడదు.